ఉలిగెమ్మ టీచర్ మోకాలు నొప్పి

మా హైస్కూల్లో డ్రిల్లు చెప్పే ఉలిగెమ్మ టీచరుకు మోకాలు నొప్పి అని ఊరంతా నమ్మింది. నేనూ నమ్మాను. పిల్లల్ని వరసలో నిలబెట్టి ఈల ఊదేది. చేతులు పైకి, చేతులు కిందికి అని గద్దించేది. పరుగుపందెం వచ్చేసరికి మాత్రం సున్నం గీత దగ్గర కర్ర పట్టుకుని నిలబడిపోయేది. "మోకాలు నొస్తది, మీరు ఉరకండి" అనేది. పరిగెత్తలేని మనిషికి డ్రిల్లు ఉద్యోగం ఎవడిచ్చాడ్రా బాబూ అని మగపిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వినవాళ్లలో సగంమంది ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే రొప్పుతున్నారు. అది వేరే సంగతి.

ఆమెది రాయచూరు పక్కన చంద్రబండ. నైజాం రోజుల్లో పుట్టింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, రాష్ట్రాలు మారాక సర్కారు కచేరీలో కన్నడం. కోపం వస్తే మూడూ కలిపి తిట్టేది. డ్రిల్లు ట్రైనింగుకు ఆడవాళ్లు ముందుకు రాని కాలమది. చీర కుచ్చిళ్లు ఎగదోపి నలుగురి ముందు మైదానంలో నిలబడాలంటే ఎవరికి మనసొప్పుతుంది? ఈమె వెళ్లింది. పాసై వచ్చి, సింధనూరు తాలూకాలో మా బడికి వేస్తే ఇక్కడికొచ్చి ఒక చిన్న గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉండేది. పెళ్లి మాటెత్తిన వాళ్లని మళ్లీ ఎత్తనిచ్చేది కాదు.

మాది గుంటూరు జిల్లా, నరసరావుపేట వైపు. తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లు వదిలిన కొత్తలో మా నాన్న యలమందయ్య అక్కడి పొలం చెక్క అమ్ముకుని ఇక్కడికొచ్చాడు. తుమ్మచెట్లు కొట్టి, గట్లు వేసి, నల్లరేగడిని మడులు చేశాడు. మాలాంటి వాళ్లు పదీ పదిహేను కుటుంబాలు కలిసి కాలువ పక్కన ఇళ్లు వేసుకున్నారు. అలాంటి ఊళ్లని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. క్యాంపులో దేవుడికంటే ముందు ధాన్యం. ఎండిన మెట్ట నుంచి వచ్చినవాళ్లకి వడ్లగింజ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

పదమూడో ఏట నాకు ఉబ్బసం మొదలైంది. చలికాలం రాగానే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుండేది. పిల్లికూతలు వచ్చేవి. మా అమ్మ హనుమాయమ్మ బెదిరిపోయి నాకు ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని చోట మంచం వేయించింది. ఆ చోటేమిటంటే, వెనక గదిలో ధాన్యం బస్తాల మధ్య సందు. అటొక దొంతర, ఇటొక దొంతర, పిసరంత గాలి చొరబడదు. చాలదన్నట్టు సాయంత్రం కాగానే మా నాయనమ్మ సాంబ్రాణి పొగ వేసేది. డాక్టరు ఇచ్చిన మాత్రలు వెంకటేశ్వరస్వామి పటం వెనక దాచేవాళ్లు. నేను కళ్లు తేలేస్తే తప్ప అవి బయటికి రావు. ఇదంతా ప్రేమే. కాదన్నవాళ్ల నోట్లో మట్టి. కానీ ఆ ప్రేమ నన్ను చంపినంత పని చేసింది.

అన్నిటికన్నా పెద్ద మందు ఏమిటంటే, ఎవరికీ చెప్పకపోవడం. ఒకసారి బళ్లో లెక్కల క్లాసులో నాకు గట్టిగా వచ్చింది. ఎద్దులబండి మీద ఇంటికి చేర్చారు. దారిపొడుగునా జనం చూశారు. మా నాన్న ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు.

"ఇదే ఆఖరు. మళ్లీ బళ్లో ఇలాంటిది జరిగిందా, ఇంక బడీ లేదు గిడీ లేదు. నలుగురి నోళ్లలో పడే చదువు మనకొద్దు" అన్నాడు.

అప్పటికి మా క్యాంపులో ఎనిమిది దాటిన ఆడపిల్ల లేదు. నేను తొమ్మిదిలో ఉన్నాను. ఎస్సెస్సెల్సీ పాసవ్వాలని పంతం. బడి పోతే నాకు మిగిలేది ఆ బస్తాల మధ్య మంచమే. అందుకని దాచడం నేర్చుకున్నాను. ఊపిరి బిగిస్తే దగ్గు నటించేదాన్ని. మంచినీళ్లని చెప్పి బయటికి పోయి, గోడ పట్టుకుని నిలబడి, కాస్త తెరిపిన పడ్డాక నవ్వుతూ లోపలికి వచ్చేదాన్ని. డ్రిల్లు గంటలో కాలికి ముల్లు గుచ్చుకుందని వరండాలో కూలబడేదాన్ని.

ఒకరోజు ఉలిగెమ్మ టీచరు ఈల ఇంకో పిల్ల చేతికిచ్చి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ముల్లు ఏ కాలికి?"

"ఎడం కాలికండీ."

"మొన్న కుడికాలన్నవ్."

నేను తల దించుకున్నాను. ఆమె నా వీపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది. లోపల కూత ఆ చేతికి తెలిసే ఉంటుంది.

"ముల్లంట. నీకు ముల్లు, ఆ రంగాకు కడుపునొప్పి, మారెవ్వకు తలనొప్పి, నాకు మోకాలు నొప్పి. దమ్ముకు ఎన్ని పేర్లు పెట్టినమే మనం!" అంది.

ఉబ్బసాన్ని ఆమె దమ్ము అనేది. నేను ఆమె మొహంలోకి చూశాను.

"ఏం చూస్తవ్? నా మోకాలుకు ఏం కాలే. చిన్నప్పటి సంది నాకూ గిదే బేమారి. ఆటలకు రానీయకపోయిరి. నువ్వు కూసో, నువ్వు కూసో. కూసోని కూసోని యాష్టకొచ్చింది. అందుకే డ్రిల్లు నేర్సుకున్న. ఇగ లే. రేపటి సంది వరండాల కూసుండుడు బంద్."

రంగా మార్కెట్లో మిరపకాయల కొట్టు వాళ్లబ్బాయి. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగే. మారెవ్వ పక్క పల్లెలో మేకలు కాసుకునే వాళ్ల పిల్ల. కన్నడం మాట్లాడేది, తెలుగు అర్థమయ్యేది. మర్నాటి నుంచి మా ముగ్గుర్నీ డ్రిల్లు గంటలో మైదానం మూలకి తీసుకెళ్లింది. మొట్టమొదట పరుగు కాదు. అక్కడున్న బల్ల మీద ఒక వేపాకు పెట్టింది.

"ఊదు. ఆకు ఎగిరిపోవద్దు, నడవాలె. మెల్లగ, ఆ చివరిదాక."

రంగా ఊదగానే ఆకు ఎగిరి మారెవ్వ ఒళ్లో పడింది. మారెవ్వ పకపకా నవ్వింది. "దీపావళి తారాజువ్వ ఊదినవేందిరా!" అని టీచరు వాడి నెత్తిన మొట్టింది. పెదాలు సన్నగా చేసి, లోపలున్న గాలిని తొందర లేకుండా బయటికి పంపడం ఎంత కష్టమో ఆ ఆకు నేర్పింది. గాలి లోపలికి చాలక కాదు, ముందు లోపలిది బయటికి పోక ఉక్కిరిబిక్కిరవుతామని అప్పుడే తెలిసింది. ఆయాసం వస్తే పడుకోకూడదని, ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించి కూర్చోవాలని, భుజాలు ఎగరేయకూడదని చెప్పింది. పరుగెత్తేముందు నడవాలి, నడిచాక వడిగా నడవాలి, ఆపేముందు మళ్లీ మెల్లగా నడవాలి. కొన్నాళ్లకి మారెవ్వ మైదానం చుట్టూ పరిగెత్తింది. పరిగెత్తి వచ్చి మా ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆ పొగరు చూడాలి!

టీకాలు వేయడానికి ప్రభుత్వ డాక్టరు బడికొస్తే మా ముగ్గుర్నీ ఆయన ముందు నిలబెట్టింది. ఆయన చెవిగొట్టం పెట్టి చూసి, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఎంత వేసుకోవాలో, ఎప్పుడు ఇంక మాత్రల్ని నమ్ముకోకుండా బండి కట్టించుకుని ఆస్పత్రికి రావాలో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాడు. చెప్పింది మళ్లీ మా చేత చెప్పించింది టీచరు.

"మాట మధ్యల తెగుతున్నదంటె?"

"దవాఖానకు!" అని ముగ్గురం అరిచేవాళ్లం.

"మాత్ర ఎక్కడుండాలె?"

"మా దగ్గర!"

వెంకటేశ్వరస్వామి వెనకనుంచి నాలుగు మాత్రలు తీసి ఓణీ కొంగున ముడేసుకున్నాను. ఆ స్వామి ఏమీ అనుకోలేదు.

తర్వాత ఆమె మా మీద పెట్టిన పని వేరే. "నీ దుశ్మన్ ఎవడో ఎతుక్కో. నాకు పొయ్యి పొగ. నీకేందో నాకెట్ల ఎర్క? ఎప్పుడొస్తది, ఏడొస్తది, దానికంటె ముందు ఒంట్ల ఏమైతది, కనిపెట్టుకోని రా." రంగాకి వెతకాల్సిన పనే లేకపోయింది, వాడు మిరపబస్తాల పక్కనే కూర్చుని లెక్కలు చేసుకునేవాడు. మారెవ్వకి జొన్నలు తూర్పారబట్టే దుమ్ము. నాకు ముందుగా గడ్డం కింద దురద, తర్వాత ఆవలింతలు వస్తాయని కనిపెట్టాను. అది ఎప్పుడు వస్తుందని చూస్తే, వెనక గదిలోకి వెళ్లి పడుకున్నాక. మా పిన్ని వచ్చినప్పుడు ముందు వసారాలో పడుకుంటే రాలేదు. బస్తాలు మిల్లుకి తోలిన వారం రాలేదు. కొత్త బస్తాలు రాగానే వచ్చింది.

నా దుశ్మన్ ధాన్యం దుమ్ము. క్యాంపులో పుట్టిపెరిగిన పిల్ల అనకూడని మాట అది.

అన్నాను. అన్నం తింటుండగా, "నేనింక బస్తాల మధ్య పడుకోను. ఆ దుమ్ముకే నాకు ఉబ్బసం వస్తోంది" అన్నాను.

మా నాయనమ్మ రెండు చెంపలూ వాయించుకుంది. "అపచారం! అపచారం! లక్ష్మీదేవినే, ఇంట్లో కొలువున్న తల్లినే, నీకు జబ్బు తెచ్చిందంటావే?" అంది. అమ్మ నా నోరు మూయబోయింది. నాన్న ఎంగిలిచేత్తో లేచిపోయాడు. ఆయనకి కోపంకన్నా భయం ఎక్కువని ఇప్పుడు తెలుస్తోంది. ఆ వడ్లని నమ్ముకునే ఊరుగాని ఊరొచ్చాడు. ఆ వడ్లే కూతురికి పడవంటే ఏం కావాలి ఆయన?

మర్నాడు పొద్దున్నే బడికొచ్చాడు. హెడ్మాస్టరు మహదేవప్పగారి గదిలో టీచరును నిలదీశాడు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను.

"ఏవమ్మా టీచరమ్మా, మా పిల్లకి ధాన్యం పడదని నూరిపోసింది మీరేనా?"

"నేను చెప్పలే అన్నా. ఎతుక్కోమన్న. పిల్లనే ఎతికింది."

"ఎతికిందీ? ఆ ధాన్యం తినే కదా ఇంతదయ్యింది! లక్ష్మిని పట్టుకుని శత్రువంటారా?"

"తింటె లక్ష్మినే. ఎవలు కాదన్నరు? ముక్కులకు పోతె దుమ్ము గద. మంచం బయటెయ్యన్నా, గంతే."

"మా ఇంట్లో మంచాలు ఎక్కడెయ్యాలో మీరు చెప్తారా? ఆ జబ్బు సంగతి మీకేం తెలుసు? డాక్టరా మీరు?"

ఉలిగెమ్మ టీచరు మా నాన్న వైపు చూడలేదు. హెడ్మాస్టరు వైపు తిరిగింది. "సార్, నాకు మోకాలు నొప్పి లేదు. ఎన్నడు లేకుండె. నాది దమ్ము" అంది.

హెడ్మాస్టరు కుర్చీలోంచి సగం లేచాడు. "ఉద్యోగంలో చేరేటప్పుడు ఎందుకు చెప్పలేదు?" అని కన్నడంలో అడిగాడు. ఆమె తెలుగులోనే జవాబిచ్చింది.

"చెప్తె ఇస్తుంటిరా?"

ఆయన మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. మా నాన్న అందుకున్నాడు.

"చూశారా సార్! జబ్బు మనిషిని తెచ్చి డ్రిల్లుకి పెడితే పిల్లలకి అంటక ఏమవుతుంది? ఈమెని డ్రిల్లునుంచి తీసెయ్యండి. తియ్యకపోతే క్యాంపోళ్లందరం కలిసి రాయచూరు పోయి పైవాళ్లతోనే చెప్తాం" అన్నాడు. నా వైపు తిరిగి, "ఒసే తులసీ, చెవులు పెట్టుకు విను. ఇంకొక్కసారి నలుగుర్లో ఆయాసం మాట నీ నోటెంట వచ్చిందా, ఆరోజే టీసీ తీసుకుంటాను" అన్నాడు.

ఆయన వెళ్లాక నేను ఏడుస్తుంటే టీచరు బుజ్జగించలేదు. "నీకు బడి కావాలె, నాకు ఎర్కనే. నోరు మూసుకుంటె బడి ఉంటది అనుకుంటున్నవ్. ఉంటదేమో. లేటుగ చెప్పిన దమ్ముకు మాత్రం మాత్ర గూడ పనిచెయ్యదు పిల్లా. నేను ఇయ్యాల చెప్పేసిన. నా నౌకరి పోతె పోనీ, పీడ పోయె. నువ్వు ఎప్పుడు చెప్తవో నీ మర్జీ" అని వెళ్లిపోయింది. అప్పుడు నాకు ఆమె మీద ఒళ్లు మండిపోయింది. ఉద్యోగమున్న మనిషి, జీతమొచ్చే మనిషి, ఎన్నయినా చెబుతుంది అనుకున్నాను.

నెల తిరక్కుండా ఆమె డ్రిల్లు తీసేశారు. చిన్న క్లాసుల ఆడపిల్లలకి కుట్లు అల్లికలు నేర్పమన్నారు. డ్రిల్లుకి ప్రహ్లాద్ అని కొత్తగా ఒకాయన్ని వేశారు. తెల్ల లాగూ, తెల్ల బూట్లు, మెళ్లో మెరిసే ఈల. ఆయన వచ్చిన మొదటిరోజే డ్రిల్లు గంట కొట్టగానే ఉలిగెమ్మ టీచరు కుట్లగదిలోంచి సూదీదారం పక్కనపెట్టి మైదానం మూలకి వచ్చి నిలబడింది. "తులసీ, రంగా, మారెవ్వా!" అని కేకేసింది. నేను వెళ్లాను. మా నాన్న బడిదాకా వచ్చి చూస్తాడా ఏమిటి?

ప్రహ్లాద్ మాస్టరు వడివడిగా వచ్చాడు. "అమ్మా, మీకు డ్రిల్లు చెప్పే అధికారం లేదు. ఆర్డరొచ్చింది" అన్నాడు.

"మేం డ్రిల్లు చేస్తలేం సారూ" అంది ఆమె. "ఊపిరి తీస్తున్నం. దానికి గూడ ఆర్డరు కావాల్నా?"

ఆయన ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా వెనక్కి పోయాడు. రంగా ఎంత నవ్వాడంటే వాడికి ఆయాసం వచ్చింది. వాడే ఆగి, వాడే చెప్పి, ముందుకు వంగి కూర్చుని, వాడే సర్దుకున్నాడు. మేం నిలబడి చూశామంతే.

ఆ తర్వాత ఆమె ఉద్యోగం చేసినంతకాలం ఆ మూల ఖాళీగా లేదు. ఏటా ఇద్దరో ముగ్గురో చేరేవాళ్లు. దేవదుర్గ నుంచి చుట్టాలింట్లో ఉండి చదువుకోవడానికి వచ్చిన హుసేనప్ప అనే పిల్లాడైతే మొదట్లో ఆమెకు దెయ్యం పట్టిందనుకుని పారిపోయేవాడు. వాడే తర్వాత తన తమ్ముణ్ని చెయ్యిపట్టుకుని తెచ్చి అప్పగించాడు. ఎవరూ ఆమెకి దండ వేయలేదు, సన్మానమూ చేయలేదు. చేస్తామంటే తిట్టి పంపేది కూడాను. నేను చెప్పాల్సింది మాత్రం ఆమె డ్రిల్లు పోయిన ఏడాది కుప్పనూర్పుల సంగతి.

మా నాన్న బడికొచ్చి అరిచిన అరుపులు ఊరికే పోతాయా? క్యాంపులో గుసగుసలు మొదలయ్యాయి. యలమందయ్య కూతురికి ఉబ్బసమంట, వడ్లు కూడా పడవంట, అని. నాన్న పళ్లు కొరుక్కుంటూ విన్నాడు. మా కుప్ప కొట్టే రోజు కళ్లంలో క్యాంపంతా ఉంటుంది. మాకు వాళ్లు, వాళ్లకి మేం బదులు పనికి పోవడం మామూలే. పొద్దున్నే అమ్మని పిలిచి, "తులసిని కూడా పంపు. చేట పట్టుకుని అందర్తో పాటు నిలబడనీ. చూసినోళ్ల నోళ్లు మూతపడతాయి" అన్నాడు.

అమ్మ భయంగా నా వైపు చూసింది. నాన్న నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇవాళొక్కరోజు నోరు మూసుకుని నిలబడు తల్లీ. నిలబడితే నీ బడికి నేనడ్డురాను. ఒట్టు" అన్నాడు.

ఆ మాటతో నాకు కాళ్లు నేలమీద నిలవలేదు. ఒక్కరోజు! నిలబడగలను. ఎస్సెస్సెల్సీ నా గుప్పిట్లో ఉన్నట్టే.

కళ్లంలో ఎడ్లు తొక్కిన కట్టల్ని మగవాళ్లు దులుపుతున్నారు. ఆడవాళ్లం గాలివాటు చూసుకుని చేటలతో తూర్పారబడుతున్నాం. తాలూ పొల్లూ మబ్బులా లేచి జుట్టునిండా, కనురెప్పలనిండా పడుతున్నాయి. కొంగు ముక్కుకి కట్టుకున్నాను. గాలి వచ్చే వైపు నిలబడ్డాను. టీచరు నేర్పినవన్నీ చేశాను. అందరూ నన్ను చూస్తున్నారు. నాన్న అయితే కట్ట దులుపుతున్నంతసేపూ కళ్లు నామీదే పెట్టాడు. ఒకసారి నవ్వాడు కూడా.

అంతలో గాలి మళ్లింది. దుమ్మంతా మా మీదికి తిరిగింది. గడ్డం కింద దురద పుట్టింది.

దురదేగా అనుకున్నాను. ఇంకో చేట ఎత్తాను. ఆవలింత వచ్చింది. నాకు తెలుసు, ఇది ఎక్కడికి పోతుందో నాకు బాగా తెలుసు. ఇప్పుడు చెబితే బడి పోతుంది. చెప్పకపోతే ఇంకాసేపు నెట్టుకురావచ్చు, మంచినీళ్లని చెప్పి తప్పుకోవచ్చు, బళ్లో గోడ పట్టుకుని నిలబడ్డట్టు గడ్డివాము చాటున నిలబడొచ్చు. ఎన్నిసార్లు చేయలేదు? కానీ చాటుకి పోయి అక్కడే పడిపోతే ఎవరికి తెలుస్తుంది? కళ్లంలో సందడికి నా కూత ఎవరికి వినపడుతుంది? నాకు భయమేసింది. భయం వెనకే, నా ఊపిరి నేను తీసుకోవడానికి దొంగలా దాక్కోవాలా అని చచ్చేంత కోపం వచ్చింది. చేట కిందపడేశాను.

"నాకు ఆయాసం వస్తోంది!" అని అరిచాను. "నాకు ఉబ్బసం ఉంది. ఈ దుమ్ముకి వస్తుంది. నేను పక్కకి పోతున్నాను."

ఎడ్లని తోలే అతను కూడా ఆగిపోయాడు. దుమ్ము తగలనంత దూరంలో కాలువగట్టు మీదికి నడిచాను. పరిగెత్తలేదు. కూర్చుని కొంగుముడి విప్పి, డాక్టరు చెప్పినంత మాత్ర వేసుకున్నాను. ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, పెదాలు సన్నగా చేసి ఊదడం మొదలెట్టాను. ఆడవాళ్లంతా వచ్చి మీద పడ్డారు.

"ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపించండే!"

"పడుకోబెట్టండి, పడుకోబెట్టండి!"

"ఇనప తాళంచెవి చేతిలో పెట్టండమ్మా ఎవరన్నా!"

"తాళంచెవి… మూర్ఛకి!" అన్నాను, ఊపిరి ఊపిరికీ మధ్య. "నాది మూర్ఛ కాదు. గాలి… రానివ్వండి." నిజంగానే ఎవరో నా గుప్పిట్లో తాళాలగుత్తి కుక్కారు. దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మా నాయనమ్మ నా వీపు మీద పడి ఏడుస్తుంటే, "నాయనమ్మా, జరుగు, నువ్వు బరువు" అన్నాను. కొందరు నవ్వారు. ఆ నవ్వుతో గుంపు కాస్త వెనక్కి తగ్గింది.

కాసేపటికి మాట తెగకుండా రావడం మొదలైంది. బండి కట్టనక్కర్లేదని నాకు తెలిసింది. తలెత్తి చూస్తే మా నాన్న కళ్లం అంచున వరికట్ట చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు తెలిసి అంతకుముందెప్పుడూ ఆయన నా ఉబ్బసాన్ని మొదట్నుంచి చివరిదాకా చూడలేదు. వచ్చినప్పుడల్లా గదిలోంచి బయటికి పోయేవాడు. ఆ రోజు పోలేదు. మొత్తం చూశాడు. తిరిగి కట్టలు దులపడానికి పోయాడు.

ఆ సాయంత్రం బస్తాలు నా మంచమున్న వెనక గదికి రాలేదు. కళ్లంలోనే పేర్పించి, గడ్డి కప్పించి, తను అక్కడే మంచం వేసుకున్నాడు. మంచు పడితే ధాన్యం రంగు మారుతుందని ఎవరో అంటే, మారనీ అన్నాడట.  పొద్దున్నే ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, ఉతికిన పంచె కట్టి, కండువా వేసుకుని, "పద బడికి" అన్నాడు. టీసీకి కాకపోతే ఆ కండువా ఎందుకు? దారంతా నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయాసం వస్తుందని కాదు, ఆయన ముందు ఏడవడం ఇష్టంలేక.

హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి నిలబడ్డాం. "టీసీ కోసమా?" అని మహదేవప్పగారు అల్మారా తాళం తీయబోయాడు.

"కాదండీ" అన్నాడు నాన్న. పాఠం అప్పజెబుతున్నట్టు గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మాయికి ఉబ్బసం ఉంది. ధాన్యం దుమ్ము పడదు. ఆ సంగతి మీతో చెబుదామని వచ్చాను. ఆ టీచరమ్మగారి మీద నేను చెప్పిందంతా తప్పు. ఆమె డ్రిల్లు ఆమెకి ఇప్పించండి."

"మీరు చెప్పారని తీశాం. మళ్లీ మీరు చెప్పారని ఇవ్వడానికి ఇదేమైనా మీ పొలమా?" అన్నాడు హెడ్మాస్టరు. "పైనుంచి వచ్చిన ఆర్డరు. ఇంక నా చేతుల్లో లేదు."

 తను చేసిన పని తను విప్పలేనని నాన్నకి అప్పుడు అర్థమైనట్టుంది. బయటికొస్తే ఉలిగెమ్మ టీచరు వరండాలో ఎదురైంది. చేతిలో చిన్నపిల్లలు కుట్టిన రుమాళ్లు. కళ్లంలో జరిగింది అప్పటికే రంగా ఆమె చెవిన వేసినట్టున్నాడు. నాన్న రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, మీకు చాలా అన్యాయం చేశాను. నా వల్లే మీ డ్రిల్లు పోయింది. మీ కాళ్లు…"

"అవునన్నా, నీతోనే పోయింది" అంది ఆమె. కాదని ఒక్కమాట మర్యాదకైనా అనలేదు. "నాకు డ్రిల్లు అంటె పానం. ఇగ రాదు. నువ్వు కాళ్లు మొక్కితె వస్తదా?"

నాన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె వాటివైపు చూడలేదు. అప్పుడే డ్రిల్లు గంట కొట్టారు. మైదానం మూల నుంచి రంగా, మారెవ్వ చేతులూపుతున్నారు. టీచరు రుమాళ్లు కిటికీలో పడేసి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, నా చెయ్యి పట్టుకుంది.

"జరుగన్నా, తొవ్వకడ్డం నిలబడ్డవ్. పిల్లలు ఎదురుచూస్తున్నరు" అంది.

మా నాన్న పక్కకి జరిగాడు.